ఎలక్ట్రానిక్ సంగీతం మనల్ని ఉలిక్కిపడేలా చేసి ఎన్నాళ్ళయింది?

పాతక్యాసెట్ · ఆదివారం, రాత్రి 9:42

మొన్న శనివారం బెంగళూరులో 'ప్రయోగాత్మక సంగీతం' అని బోర్డు పెట్టిన ఒక మాడ్యులర్ సింథ్ (తీగలతో కలుపుకుని శబ్దాలు పుట్టించే యంత్రం) కచేరీకి వెళ్ళొచ్చాను. టికెట్ 800. చీకటి గది, బల్ల మీద మూడడుగుల పెట్టె, అందులోంచి బయటికి వేలాడుతున్న రంగురంగుల తీగలు, మినుకుమినుకుమనే లైట్లు. ముందు వరసలో వాళ్ళంతా ఫోన్లు పైకెత్తి ఆ లైట్లనే వీడియో తీసుకుంటున్నారు.

పది నిమిషాలకల్లా నాకు తెలిసిపోయింది, తర్వాత ఏం రాబోతోందో. ముందు సన్నగా డ్రోన్, అంటే ఆగకుండా సాగే మోత, లేస్తుంది, దాని మీద చిటపటలు, ఆనక కిందనుంచి బాస్ ఒక్క గుద్దు. వరసగా అవే వచ్చాయి. పెళ్ళి బంతిలో పులిహోర తర్వాత ఏ గరిటె వస్తుందో తెలిసినట్టే.

1999లో నేను ఇంజినీరింగ్ మూడో ఏడు. మా బాబాయి కొడుకు ఇంగ్లండ్ నుంచి వస్తూ ఆటెకర్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం సీడీ ఒకటి తెచ్చిచ్చాడు. పెట్టాను. రెండు నిమిషాలకే సీడీ మీద గీతలు పడ్డాయనుకున్నాను. బయటికి తీసి, లుంగీ అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాను. అవే తడబాట్లు, సరిగ్గా అవే చోట్ల. పాడైంది సీడీ కాదు, పాటే అలా ఉంది అని తెలిసిన ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అడగాలనుకున్నది ఇదీ: మీరు ఆఖరిసారి సీడీ తీసి తుడిచింది ఎప్పుడు? నేను పదేళ్ళుగా తుడవలేదు. ఈ సంగీతానికి పదును పోయిందా, నా చెవులే మొద్దుబారాయా?

జంగిల్‌రాజు · ఆదివారం, రాత్రి 10:05

అన్నా, సీడీ ఏంటన్నా? మా హాస్టల్లో ఎవడిదగ్గరా ప్లేయర్ లేదు :)

సైన్‌వేవ్_శారద · ఆదివారం, రాత్రి 10:31

పాతక్యాసెట్ గారూ, మీరు తుడిచిన ఆ గీతలకి పెద్ద చరిత్రే ఉంది. యసునావో టోనె అనే జపాన్ ఆయన 1985 ప్రాంతంలోనే సీడీ అడుగున సెలోటేపు ముక్కలు అంటించి, వాటికి గుండుసూదితో బెజ్జాలు పొడిచి ప్లేయర్లో పెట్టేవాడు. సీడీ అప్పటికి మార్కెట్లోకి వచ్చి మూడేళ్ళే. "దీనికి అరుగుదల ఉండదు, ఎన్నేళ్ళైనా ఇదే శబ్దం" అని కంపెనీలు అమ్ముకుంటున్న రోజులు. ఆయన చేసింది ఒకటే, ఆ ప్లేయర్లో ఉన్న తప్పులు సరిదిద్దే ఏర్పాటుని తికమకపెట్టడం. లేజరు తడుముకున్నప్పుడల్లా ఏం శబ్దం వస్తుందో ఆయనకీ తెలియదు. తర్వాత జర్మనీలో ఓవల్ వాళ్ళు సీడీల మీద పెన్నుతో గీసి, ఆ తడబాట్లని కోసి అతికించి 1995లో ఒక ఆల్బమ్ చేశారు. వింటే వానాకాలం కిటికీ దగ్గర కూర్చున్నట్టుంటుంది. పాడైన వస్తువులోంచి అంత మెత్తని సంగీతం ఎలా వచ్చిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీ ప్రశ్నకి నా జవాబు: 2018. సోఫీ అనే బ్రిటిష్ సంగీతకారిణి ఆల్బమ్. నేను హైదరాబాద్‌లో సౌండ్ మిక్సింగ్ చేస్తాను. స్టూడియోలో అది పెట్టగానే స్పీకర్ కోను చిరిగిందనుకుని ఆపేసి, టార్చి వేసి చూశాను. కోను బాగానే ఉంది. ఆ రబ్బరు సాగినట్టు, రేకు వంగినట్టు వచ్చే శబ్దాలు శాంపుల్స్ (ఎక్కడో రికార్డు చేసి తెచ్చుకున్న ముక్కలు) కావు. సింథ్‌లో ఉత్త తరంగంతో మొదలుపెట్టి తయారుచేసుకున్నవి. లుంగీ లేదు కాబట్టి తుడవలేదు, అంతే తేడా.

గోదారిగట్టు · సోమవారం, ఉదయం 6:12

మనం ఒకడితో విసుగొస్తే "అరిగిపోయిన రికార్డులా అదే మాట" అంటాం. 1948లో పారిస్ రేడియోలో పియర్ షెఫర్ చేసింది సరిగ్గా ఆ అరిగిపోయిన రికార్డునే. అప్పటికి ఆయన దగ్గర టేపు రికార్డరు లేదు. శబ్దాన్ని నేరుగా డిస్కు మీద కోసుకోవాలి. గాడిని చుట్టు చివర మళ్ళీ దానిలోకే కలిపేస్తే ముల్లు ముందుకి పోదు, అక్కడే తిరుగుతుంది. ఒక్క చుట్టు, మళ్ళీ మళ్ళీ. మొదటి పదిసార్లు అది రైలింజను కూత. ఆ తర్వాత నెమ్మదిగా రైలు మాయమై ఉత్త స్వరం, ఉత్త లయ మిగులుతాయి. పారిస్‌లోని బతిన్యోల్ స్టేషన్‌కి యంత్రాలు మోసుకెళ్ళి రికార్డు చేసిన శబ్దాలవి.

నేను చెప్పొచ్చేది, ఆ పరికరం కొత్తది కాదు. రేడియో స్టేషన్లో అందరి దగ్గరా ఉన్న డిస్కు యంత్రమే. చెవి కొత్తది. కాబట్టి పదును పోయిందా అంటే, యంత్రాల దుకాణంలో వెతుక్కోవద్దు అంటాను.

జంగిల్‌రాజు · సోమవారం, ఉదయం 11:20

గోదారి గారి మాట బాగుంది కానీ నేను ఒప్పుకోను. మార్క్ ఫిషర్ అనే బ్రిటిష్ విమర్శకుడు ఒక పరీక్ష చెప్పేవాడు. ఇవాళ్టి రికార్డు ఒకదాన్ని 20 ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళి అక్కడివాళ్ళకి వినిపించు. వాళ్ళు బెదిరిపోతారా? 1993 నాటి జంగిల్ (లండన్ డాన్సు సంగీతంలో ఒక రకం) పాటని 1989లో వినిపిస్తే కచ్చితంగా బెదిరిపోతారు. నాలుగేళ్ళే తేడా! 2024 పాటని 2004లో వినిపిస్తే? "బాగుంది, ఎవరిది?" అంటారు. అంతే.

జంగిల్ ఎలా పుట్టిందో చూడండి. 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం పాట మధ్యలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన డ్రమ్స్ ముక్క, ఉండేది సుమారు ఏడు సెకన్లే. లండన్ కుర్రాళ్ళు దాన్ని శాంప్లర్‌లో (శబ్దం ముక్కని దాచి తిరిగి వాయించే యంత్రం) ఎక్కించి, వేగం పెంచి, ముక్కలు చేసి, తిరగేసి పేర్చారు. మనిషి చేతులతో వాయించలేని లయ వచ్చింది. వేల పాటల్లో అదే ఏడు సెకన్లు. (ఆ కోల్‌మన్‌కి రాయల్టీ పైసా రాలేదు, 2006లో ఇల్లూవాకిలీ లేకుండా పోయాడు. ఇది వేరే చర్చ, కానీ రాయకుండా ఉండలేకపోయాను.)

ఇప్పుడు ఆ ముక్క ప్రతి మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌లో రెడీమేడ్‌గా వస్తోంది. నేనూ వాడాను. ముప్పై సెకన్లలో 'జంగిల్' తయారు. నాకే సిగ్గేసింది.

నిమిషానికి_300 · సోమవారం, మధ్యాహ్నం 1:47

మీ మ్యాపులో లండన్, పారిస్, బెర్లిన్ తప్ప ఊళ్ళే లేవు. అందుకే మీకు ఏమీ జరగట్లేదనిపిస్తోంది.

దారుస్సలాం వెళ్ళండి. టాంజానియా. అక్కడి పేటల్లో సింగేలి అనే సంగీతం ఉంది, నిమిషానికి 200 నుంచి 300 బీట్లు. తారబ్ అనే అక్కడి పాతకాలపు పాటల ముక్కల్ని లూప్ చేసి వేగం పెంచేస్తారు, దాని మీద ఎంసీ (మైకు పట్టుకున్నవాడు) ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. సిస్సో స్టూడియో వాళ్ళ సంకలనాన్ని 2017లో ఉగాండాలోని న్యేగే న్యేగే టేప్స్ విడుదల చేసింది. నేను మొదటిసారి విన్నప్పుడు ప్లేయర్లో వేగం 1.5 మీద ఉండిపోయిందేమో అని సెట్టింగ్స్ చూశాను. అదీ తుడవడమే కదా?

ఇంకొకటి, జెలిన్. అమెరికాలో ఇండియానా రాష్ట్రం గేరీ అనే ఉక్కు ఊరు. ఆమె స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేస్తూ ఫుట్‌వర్క్ చేసింది. షికాగో డాన్సర్ల పోటీల కోసం పుట్టిన, నిమిషానికి 160 బీట్ల దగ్గర నడిచే సంగీతం అది. మొదటి ఆల్బమ్ 2015లో. 2023లో పులిట్జర్ సంగీత విభాగంలో ఫైనలిస్టు. ఆ లయలో 'సమ్' (తాళం మొదటి దెబ్బ) ఎక్కడుందో నేను ఇప్పటికీ వేళ్ళమీద లెక్కపెట్టలేను. మా నాన్న మృదంగం నేర్చుకున్నాడు కొన్నాళ్ళు, ఆయన కూడా మూడుసార్లు తాళం వేసి వదిలేశాడు.

పాతక్యాసెట్ · సోమవారం, రాత్రి 8:55

సింగేలి ఇప్పుడే విన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "మిక్సీ ఆన్‌లో ఉందా?" అంది. కాబట్టి మా ఇంట్లో తుడవడం జరిగింది, నేను కాకపోయినా :)

అయితే ఒక సందేహం. ఇది పేటలో కుర్రాళ్ళు డాన్సు చేసుకునే సంగీతం. దాన్ని 'ప్రయోగాత్మకం' అని మనం అంటున్నాం, వాళ్ళు అనట్లేదు. దూరం నుంచి చూసేవాడికి ప్రతిదీ ప్రయోగంలాగే కనిపిస్తుంది కదా?

సైన్‌వేవ్_శారద · సోమవారం, రాత్రి 9:30

మంచి ప్రశ్న. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ లెక్క ప్రకారం, ఫలితం ఏమిటో ముందే తెలియని పనిని ప్రయోగం అనాలి. ఆ లెక్కన మీ బెంగళూరు కచేరీ ప్రయోగమే కాదు. ఏ గరిటె వస్తుందో మీకు తెలుసు, వడ్డించేవాడికీ తెలుసు. 'ప్రయోగాత్మకం' అన్నది ఇప్పుడు ఒక అర పేరు. షాపులో రాక్, జాజ్, భక్తి, ప్రయోగాత్మకం అని నాలుగు అరలుంటే, నాలుగో అరలో ఏముండాలో కూడా స్థిరపడిపోయింది. డ్రోన్, చిటపట, గుద్దు.

వరంగల్_వూఫర్ · సోమవారం, రాత్రి 10:14

అయితే మా బారాత్ డీజే బండి కూడా లెక్కలోకి రావాలె. తీన్‌మార్ దరువు, దాని మీద జానపదం పాట, డీసీఎం మీద బాక్సులు పేర్చి వాల్యూం మొత్తం పెడితే ఆ బాస్ పగిలి వచ్చే శబ్దం ఏ బెర్లిన్ క్లబ్బుల దొరకదు. మా కాకా కొడుకు రీమిక్స్ చేస్తడు. కావాలనే పగలగొడ్తడు. "సాఫ్‌గా ఉంటే జనం ఎగరరు అన్నా" అంటడు.

గోదారిగట్టు · సోమవారం, రాత్రి 10:40

వూఫర్ తమ్ముడూ, పగలగొట్టడం దాకా ఒప్పుకుంటాను. కానీ పదేళ్ళుగా అదే దరువు, అదే డ్రాప్, అదే హారన్. మా వీధిలో నిమజ్జనం రోజున కిటికీ అద్దాలు అదురుతాయి, మనసు అదరదు. అలవాటుని ప్రయోగం అనలేం.

వరంగల్_వూఫర్ · సోమవారం, రాత్రి 10:52

హారన్ విషయంల మీరు చెప్పింది నిజమే సార్. ఆ హారన్ నాగ్గూడ నచ్చదు.

ఆరణాల_ఆల్బమ్ · మంగళవారం, ఉదయం 7:35

చెవులు, ఊళ్ళు, అరలు అన్నీ మాట్లాడారు. డబ్బు సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

జర్మనీలో కొలోన్ ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో 1951లో మొదలైంది. ఎవరిది? అక్కడి ప్రజా రేడియో సంస్థది. స్టాక్‌హౌసెన్ అనే స్వరకర్త అక్కడ సైన్ తరంగాల్ని (ఒక్క స్వరమే పలికే ఉత్త శబ్దాల్ని) ఒక్కొక్కటే టేపు మీదకి ఎక్కించి, కత్తిరించి, అతికించి కూర్చేవాడు. 1956లో పూర్తయిన ఆయన రచనలో ఒక పిల్లవాడి గొంతునీ యంత్రం శబ్దాన్నీ ఎక్కడ అతికాడో తెలియనట్టు కలిపాడు, 13 నిమిషాల పైచిలుకు. దానికి నెలల తరబడి పని. ఆ నెలల అద్దె, కరెంటు, టెక్నీషియన్ జీతం రేడియో కట్టింది. లండన్‌లో బీబీసీ 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ పెట్టింది. డెలియా డెర్బీషైర్ 1963లో ఒక టీవీ సీరియల్ ఆరంభ సంగీతానికి ఒక్కో స్వరాన్నీ విడిగా టేపు ముక్క మీద తయారుచేసి అతికించింది. నెల జీతం వస్తుంటే చెయ్యగలిగే పని అది.

నా సంగతి చెప్తాను. పగలు టెస్టింగ్ ఉద్యోగం. రాత్రి పదకొండు తర్వాత సంగీతం. పోయినేడాది మూడు ఆల్బమ్‌లు పెట్టాను. ఒక స్ట్రీమింగ్ సంస్థ నుంచి ఏడాదికి వచ్చింది రెండు టీలకి సరిపోతుంది, సమోసా కావాలంటే చేతినుంచి వెయ్యాలి. ఒక శబ్దం మీద మూడు నెలలు కూర్చోవాలని నాకూ ఉంది. కూర్చుంటే ఆ మూడు నెలలూ నేను ఉన్నానన్న సంగతే జనం మర్చిపోతారు. అందుకని ప్రీసెట్ (ముందే తయారుగా ఇచ్చిన శబ్దం) తీసి రెండు నాబ్‌లు తిప్పి పెట్టేస్తాను. పదును ఎక్కడ పోయింది అంటే, నా విషయంలో అక్కడ.

జంగిల్‌రాజు · మంగళవారం, ఉదయం 9:10

అన్నా, పైసా రాకపోయినా జంగిల్ పుట్టింది కదా? హౌస్, టెక్నో పుట్టించిన షికాగో, డెట్రాయిట్ కుర్రాళ్ళకి ఏ రేడియో జీతమిచ్చింది?

ఆరణాల_ఆల్బమ్ · మంగళవారం, ఉదయం 9:26

వాళ్ళకి తక్కువ రేటుకి దొరికే వస్తువులూ, వినే జనమూ ఉన్నారు. నాకు ఆ రెండూ లేవు తమ్ముడూ.

సైన్‌వేవ్_శారద · మంగళవారం, మధ్యాహ్నం 12:18

ఆ తక్కువ రేటు వస్తువు దగ్గరే అసలు కిటుకు ఉందనిపిస్తోంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి. రీరికార్డింగ్ పని ఇవాళ వాయిదా పడింది.

రోలాండ్ టీబీ-303. 1981 చివర్లో వచ్చింది. గిటారు వాయించేవాడు ఇంట్లో ఒంటరిగా ప్రాక్టీసు చేసుకునేటప్పుడు పక్కన బాస్ గిటారులా మోగడానికి చేసిన చిన్న వెండిరంగు పెట్టె. కానీ అది బాస్ గిటారులా అసలు ఉండదు, చెవిలో దోమ దూరినట్టుంటుంది. ప్రోగ్రామ్ చెయ్యడం కూడా నరకం. ఎక్కువమంది కొనలేదు. 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్ కొట్లలో పడి ఉన్నాయి. షికాగోలో ఫ్యూచర్ అనే బృందం కుర్రాళ్ళు అలాంటిదొకటి తెచ్చుకుని, అందులో ముందే ఏదో అడ్డదిడ్డంగా ఉన్న వరస మోగుతుంటే, శబ్దం రంగు మార్చే కటాఫ్, రెసొనెన్స్ నాబ్‌లు తిప్పుతూ పోయారు. కంపెనీవాడి దృష్టిలో అవి ఒకసారి సరిపెట్టుకుని వదిలేసే నాబ్‌లు. వీళ్ళు వాటినే వాద్యంగా వాయించారు. 1987లో రికార్డు వచ్చింది, అదే యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం అయింది.

లెక్క చూడండి. 1984 నుంచి ఓ మూడేళ్ళు ఆ పెట్టెని కంపెనీ గానీ ఇంకెవరు గానీ పట్టించుకోలేదు. దాని తప్పుల్ని సరిచేసేవాడు లేడు. అప్‌డేట్ రాదు. ఆ తీరిక ఉంది చూశారా, దాంట్లోంచే పుట్టింది సంగీతం.

ఇప్పుడు ఏఐ సంగతి తీసుకోండి. 2020లో ఓపెన్ఏఐ వాళ్ళు జ్యూక్‌బాక్స్ అని ఒకటి వదిలారు. అది పాడితే పాత రేడియోలో అర్ధరాత్రి పొరుగు దేశం స్టేషన్ తగిలినట్టుండేది. మాటలు కరిగిపోయి, గొంతు మధ్యలో ఇంకో గొంతయి... భయంకరం, అద్భుతం. ఎవరైనా దాంతో పదేళ్ళు బతకొచ్చు. నాలుగేళ్ళు తిరక్కుండానే సునో, ఉడియో లాంటివి వచ్చి అంతా నున్నగా చేసేశాయి. ఇప్పుడు అది ఎలివేటర్ పాట తప్పు లేకుండా పాడుతుంది. తప్పుని మనం వాడుకునేలోపే ఇంజినీర్లు సరిచేసేస్తున్నారు. నా దృష్టిలో పోయింది పదును కాదు, ఆ మధ్య కాలం. వస్తువు పాడుగా ఉండి, దాన్ని అందరూ వదిలేసి ఉండే కాలం.

నిమిషానికి_300 · మంగళవారం, మధ్యాహ్నం 12:50

శారద గారూ, ఆటోట్యూన్‌ని మరిచారు. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కోసం భూమి లోపలి ప్రకంపనల్ని విశ్లేషించే పని చేసేవాడు. అదే గణితం గొంతుకి వాడి 1997లో తెచ్చాడు. శ్రుతి తప్పిన చోట ఎవరికీ తెలియకుండా సర్దడానికి. మరుసటి ఏడే షేర్ అనే అమెరికన్ గాయని పాటలో దాని వేగం సున్నా దగ్గర పెట్టారు, గొంతు మెట్లుమెట్లుగా విరిగింది. ఏడాది అటూఇటుగా జరిగింది. మీ 'మూడేళ్ళ తీరిక' సిద్ధాంతానికి చిల్లు కదా?

సైన్‌వేవ్_శారద · మంగళవారం, మధ్యాహ్నం 1:05

చిల్లే. ఒప్పుకున్నాను. కానీ ఆ సున్నా సెట్టింగ్‌ని తర్వాతి వెర్షన్‌లో తీసెయ్యలేదు కదా, వదిలేశారు. ఇప్పటివాళ్ళయితే 'మెరుగుపరిచాం' అని తీసేసేవాళ్ళు.

గోదారిగట్టు · మంగళవారం, సాయంత్రం 6:30

వస్తువుని వదిలేస్తేనే సంగీతం పుడుతుందంటే, అహ్మదాబాద్ మాటేమిటి? నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో ఒక మూగ్ సింథసైజర్ పెట్టారు. న్యూయార్క్ నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి దాన్ని అమర్చి, వాడడం చూపించాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా లాంటివాళ్ళు 1972 దాకా దాని మీద పనిచేశారు. ఈ గీతా సారాభాయే 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కి మన సంగీతం చెప్పి, ఆయన దగ్గర పాశ్చాత్య కౌంటర్‌పాయింట్ (రెండు మూడు వరసల్ని ఒకేసారి నడిపే పద్ధతి) నేర్చుకున్నావిడ. మనసుని నెమ్మదింపజెయ్యడమే సంగీతం పని అని కేజ్ జీవితాంతం చెప్పిన మాట ఆవిడ దగ్గరిదే.

ఆ టేపులు తర్వాత సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వెలికితీసి శుభ్రం చేయిస్తే 2023లో రికార్డుగా వచ్చాయి. యాభై ఏళ్ళ తీరిక! విన్నాను. పక్షుల కూతల్లాంటివి, రాగం ఛాయలు, ఉత్త మోతలు. కొన్ని నిన్న చేసినట్టున్నాయి. నాకు ఆనందం, కోపం రెండూ కలిగాయి. అవి 1972లోనే రేడియోలో వచ్చి ఉంటే, మద్రాసులోనో విజయవాడలోనో ఒక కుర్రాడు రేడియో పాడైందని చెంపమీద ఒకటిచ్చి చూసి ఉండేవాడు.

వదిలేసిన వస్తువు ఎవరి చేతికో చిక్కాలి. అలా చిక్కకపోతే అది బీరువా.

జంగిల్‌రాజు · మంగళవారం, సాయంత్రం 7:02

చరణ్‌జిత్ సింగ్ కూడా అంతే కదా సార్. బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయించే ఆయన, 1982లో అదే 303, 808 డ్రమ్ మెషిన్, జుపిటర్-8 సింథ్ పెట్టుకుని పది రాగాలు డిస్కో దరువు మీద రికార్డు చేశాడు. షికాగో కంటే ఐదేళ్ళ ముందు. యాసిడ్ హౌస్ కనిపెట్టింది మనవాడే!

సైన్‌వేవ్_శారద · మంగళవారం, సాయంత్రం 7:20

రాజూ, అక్కడ ఆగు. కనిపెట్టడం వేరు, ముందు చెయ్యడం వేరు. షికాగో వాళ్ళు ఆ రికార్డు వినలేదు. ఇక్కడా ఎవరూ పెద్దగా కొనలేదు. 2010లో తిరిగి విడుదలయ్యాకే ప్రపంచం విన్నది. 303లో స్వరం నుంచి స్వరానికి జారే స్లైడ్ ఉంటుంది, ఆయన చెవికి అది గమకంలా వినిపించింది, వాడుకున్నాడు. అది చాలు గొప్ప. 'మనమే ముందు' అనే పోటీలోకి లాగితే ఆ రికార్డు వినే సుఖం పోతుంది.

కల్యాణి_వర్ణం · మంగళవారం, రాత్రి 9:48

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒక మొద్దు ప్రశ్న. కల్యాణి పాతబడింది, అందులో ఇక కొత్తదనం లేదు అని ఎవరైనా అంటారా? మరి ఈ సంగీతాన్ని మాత్రం ఎందుకు రోజూ 'ఇవాళేం కొత్త?' అని అడుగుతున్నాం?

నాకు ఈ లోకంలో నచ్చేది ఎలియాన్ రాడిగ్ అనే ఫ్రెంచ్ స్వరకర్త. ఏఆర్‌పీ 2500 సింథ్ ముందు ఏళ్ళ తరబడి కూర్చున్నావిడ. ఒక స్వరం మోగుతూ ఉంటుంది, ఎప్పుడు మారిందో తెలియదు, ఇరవై నిమిషాల తర్వాత చూస్తే వేరే చోట ఉంటాం. సాయంత్రం దీపం పెట్టే వేళ ఎప్పుడు చీకటి పడిందో చెప్పలేనట్టు. ఉలికిపాటు ఎక్కడా లేదు. తుడిచే పనీ లేదు. తంబూరా విన్న చెవికి అది వెంటనే ఎక్కుతుంది.

పాతక్యాసెట్ · మంగళవారం, రాత్రి 10:20

వర్ణం గారూ, కల్యాణి ఎప్పుడూ 'నేను కొత్తదాన్ని' అని చెప్పుకోలేదు. వీళ్ళు చెప్పుకున్నారు. బోర్డు మీద రాసుకున్నది లోపల దొరక్కపోతే అడుగుతాం కదా. రాడిగ్ మాత్రం ఇవాళ రాత్రికి పెట్టుకుంటున్నాను.

శారద గారు చెప్పిన 'పాడుగా ఉండే కాలం' నాకు నచ్చింది. నా ఆటెకర్ వాళ్ళ సంగతే ఒకటి గుర్తొచ్చింది. 1994లో బ్రిటన్‌లో రేవ్ పార్టీలని ఆపడానికి ఒక చట్టం తెచ్చారు. అందులో ఎలాంటి సంగీతాన్ని ఆపాలో నిర్వచిస్తూ 'ఒకదాని వెంట ఒకటి పునరావృతమయ్యే బీట్లు' అని రాశారు. వీళ్ళు ఏ రెండు ఆవర్తాలూ ఒకేలా ఉండకుండా ఒక పాట చేసి వదిలారు. అట్ట మీద డీజేలకి సూచన కూడా: ఇది వాయించేటప్పుడు పక్కన ఒక లాయరునీ ఒక సంగీత శాస్త్రజ్ఞుడినీ పెట్టుకోండి అని. చట్టంలో దొరికిన కంత కూడా ఒక పాడైన వస్తువే అనుకోవచ్చేమో.

సబ్‌స్టేషన్ · బుధవారం, ఉదయం 5:50

నమస్కారం. నేను విద్యుత్ శాఖలో రిటైరయ్యాను. మా మనవడు ఈ పేజీ తెరిచి వదిలేస్తే చదివాను. ఈ పాటలేవీ నాకు తెలియవు. డ్రోన్ అంటే ఎగిరేదనుకున్నాను. కానీ మోత గురించి ఒక విషయం చెప్పగలను.

ట్రాన్స్‌ఫార్మర్ మోత విన్నారు కదా. కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు. ఒక్కో సైకిల్‌కి ఇనుప కోరు రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి మోత 100 దగ్గర ఉంటుంది, పైన 200, 300 కూడా పలుకుతాయి. అయితే 50 అన్నది ఎప్పుడూ సరిగ్గా 50 కాదు. వాడకం ఎక్కువైతే కొంచెం పడుతుంది, తగ్గితే లేస్తుంది. ఉండాల్సిన హద్దు 49.90 నుంచి 50.05. మా సర్వీసు తొలి రోజుల్లో ఇంతకంటే చాలా ఎక్కువ ఊగేది, ఫ్యాను చప్పుడు బట్టి చెప్పేవాళ్ళం.

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటినుంచి మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్, ఢిల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ ఒకే లెక్కన హెచ్చుతగ్గులవుతాయి. దేశమంతా ఒకే మోత. ఇది మీ సంగీతానికి పనికొస్తుందో లేదో మీరే చెప్పాలి.

కల్యాణి_వర్ణం · బుధవారం, ఉదయం 6:25

బాబాయిగారూ, 100 అంటే దాదాపు ఐదు శ్రుతి, కాస్త పైన. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ నా తంబూరాతో ఎందుకు పేచీ పెడుతుందో ఇన్నేళ్ళకి తెలిసింది.

సైన్‌వేవ్_శారద · బుధవారం, ఉదయం 8:40

సార్, మీరు రోజూ రాయాలి ఇక్కడ.

పాతక్యాసెట్ గారూ, మీ మేడ పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉందని ఎప్పుడో అన్నారు. సరిగ్గా 200 హెర్ట్జ్ సైన్ తరంగం ఒకటి దాని పక్కన మోగించండి. 100 వద్దు, ఫోన్ స్పీకర్లో అంత కింది స్వరం పలకదు. గ్రిడ్ 49.95 దగ్గరుంటే ట్రాన్స్‌ఫార్మర్ 199.8 పలుకుతుంది, రెండూ కలిసి ఐదు సెకన్లకొకసారి ఉబ్బి తగ్గాలి. గ్రిడ్ కదిలితే ఆ ఊపు మారుతుంది.

పాతక్యాసెట్ · బుధవారం, రాత్రి 8:37

చేశాను. ఆరున్నరకి మేడెక్కాను. పిట్టగోడ అవతల ఆరడుగుల్లో ట్రాన్స్‌ఫార్మర్. ఫోన్లో 200 పెట్టి గోడ మీద ఆనించాను. మొదట ఏం లేదు, రెండు మోతలు విడివిడిగా. తల కొంచెం పక్కకి జరిపితే దొరికింది. ఊపు. లెక్కపెట్టాను, నాలుగున్నర, ఐదు సెకన్లు. ఉబ్బడం, తగ్గడం, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. ఏడు గంటలు దాటాక నెమ్మదించింది, ఎనిమిది సెకన్లు, పది సెకన్లు, తర్వాత ఎంతసేపు చూసినా కదల్లేదు. సరిగ్గా 50 దగ్గర నిలబడిందన్నమాట. ఎక్కడో ఎవరో మోటార్లు ఆపారు, ఎవరో ఏసీలు వేశారు, అదంతా నా పిట్టగోడ మీద.

ఫోన్ తీసి స్పీకరు చొక్కాకి తుడిచాను, ఆగిపోయిందేమోనని.

అంతలో నిజంగానే కరెంటు పోయింది. వీధంతా చీకటి. ట్రాన్స్‌ఫార్మర్ నోరు మూసుకుంది. ఫోన్ ఒక్కటే కూ... అంటోంది. కిందనుంచి మా ఆవిడ "ఆ ఈల ఆపి ఇన్వర్టర్ ఎందుకు రాలేదో చూడండి" అని కేక.

జంగిల్‌రాజు · బుధవారం, రాత్రి 8:44

అన్నా, రికార్డింగ్ పెట్టన్నా!

పాతక్యాసెట్ · బుధవారం, రాత్రి 8:51

ఫోన్‌తోనే కదా మోగించింది, ఇంక దేంతో రికార్డు చేస్తాను? రేపు మా అబ్బాయి ఫోన్ అడుగుతాను. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు అయిపోయాయి, ముందు ఆ పని చూడాలి.

సబ్‌స్టేషన్ · గురువారం, ఉదయం 5:15

డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. కుళాయి నీళ్ళు వద్దు.